కాగితమూ లోహమూ ఒకే మాట చెప్పాలి: విమాన యోగ్యతా సమీక్షపై ప్రసంగ పాఠం

(విజయనగరంలో ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

2014 నుంచి 2018 వరకు పౌర విమానయాన శాఖను చూసిన అశోక్ గజపతిరాజు గారు అప్పటి విజయనగరం ఎంపీ. 2024 జూన్‌లో అదే శాఖ చేపట్టిన రామ్మోహన్ నాయుడు గారు శ్రీకాకుళం ఎంపీ. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట విమానాశ్రయం తలపెట్టిన తరువాత మన ప్రాంతంలో విమానాల ప్రస్తావన మరీ ఎక్కువైంది. అయితే ఆ మాటలన్నీ రన్‌వే పొడవు, టెర్మినల్ హంగులు, చుట్టుపక్కల భూముల ధరల దగ్గరే ఆగిపోతున్నాయి. ఇరవై ఏళ్లుగా తిరుగుతున్న ఒక విమానం ఈ ఏడాది కూడా ఎగరడానికి తగినదేనని ఎవరు, దేనిని చూసి సంతకం పెడతారని అడిగినవారు నాకు చాలా తక్కువగా తారసపడ్డారు. ఈ రోజు ఆ సంతకం గురించే మాట్లాడతాను.

అంతర్జాతీయంగా తిరిగే ప్రతి విమానానికీ, అది నమోదైన దేశం యోగ్యతా పత్రం ఇచ్చి ఉండాలని 1944 నాటి షికాగో ఒప్పందం 31వ అధికరణం చెబుతోంది. ఆ పత్రం విమానం దేశంలోకి వచ్చిన కొత్తలో ఇస్తారు. ఆ రోజు విమానం ఎలా ఉందో ఆ పత్రానికి తెలుసు గాని, ఆ తరువాత జరిగిన వేల ప్రయాణాలు, మార్చిన భాగాలు, తగిలిన దెబ్బలు, వేసిన అతుకులు దానికి తెలియవు. అందుకే మన దేశంలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ అయిన డీజీసీఏ నిబంధనల్లో సీఏఆర్-ఎం అనే భాగం ఉంది. దాని ప్రకారం యోగ్యతా పత్రానికి తోడుగా యోగ్యతా సమీక్షా పత్రం, అంటే మేము ఏఆర్‌సీ అని పిలిచే కాగితం, చెల్లుబాటులో ఉండాలి. దాని గడువు ఒక్క ఏడాది. ఆ గడువు దాటితే, ఇంజన్లు రెండూ చక్కగా పనిచేస్తున్నా సరే, విమానం నేల మీద ఉండవలసిందే.

చాలామంది ఈ సమీక్షను హ్యాంగర్‌లో చేసే మరొక పెద్ద మెయింటెనెన్స్ తనిఖీ అనుకుంటారు. అది నిజం కాదు. మెయింటెనెన్స్ అంటే విమానం మీద పని చేయడం, సమీక్ష అంటే ఆ పని సరిగా జరిగిందని, దానిని నమోదు చేసిన తీరు నమ్మదగినదని నిర్ధారించుకోవడం. మన ఊళ్లలో పొలం కొనేవాడు అడంగల్, వన్-బీ చూసి ఊరుకోడు. సర్వేయరును పిలిచి గట్టు మీద గొలుసు వేయిస్తాడు. కాగితంలో ఎకరం ఉండి నేల మీద తొంభై సెంట్లే ఉంటే, మిగిలిన పది సెంట్లు ఎటు పోయాయన్నదే అసలు ప్రశ్న అవుతుంది. యోగ్యతా సమీక్షకు ఉన్న రెండు భాగాలు, అంటే రికార్డుల పరిశీలన, విమానాన్ని స్వయంగా చూడటం, సరిగ్గా ఈ పద్ధతిలోనే ఒకదానినొకటి నిలదీస్తాయి. వాటిని విడివిడిగా పూర్తి చేసి చెక్‌లిస్టులో టిక్కులు పెట్టేవారు సమీక్షకు ఉన్న విలువనంతా పోగొట్టుకుంటారని నా గట్టి అభిప్రాయం.

మొదట రికార్డుల సంగతి. అన్నిటికీ పునాది గంటలు, సైకిళ్లు. ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్. విమానం మొత్తం ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్నిసార్లు ఎక్కి దిగింది, ఒక్కో ఇంజన్ ఎన్ని సైకిళ్లు తిరిగింది అన్న అంకెల మీదే తక్కిన గడువులన్నీ నిలబడి ఉంటాయి. ఈ అంకె తప్పితే దాని మీద కట్టిన లెక్కలన్నీ తప్పుతాయి, ఒకదాన్నొకటి సమర్థించుకుంటూ మరీ తప్పుతాయి. కాబట్టి కంప్యూటరు చూపించే మొత్తాన్ని అలాగే ఒప్పుకోకుండా, ఏదో ఒక నెలను ఎంచుకుని, ప్రతి ప్రయాణాన్నీ, లోపాన్నీ రాసే టెక్ లాగ్ పేజీలను వరుస నంబర్లతో చేతిలోకి తీసుకుని కూడి చూడాలి. మధ్యలో ఒక పేజీ లేకపోతే, ఆ పేజీ రద్దు చేసినదా, పోయినదా, విమానం దిగిన వేరే ఊరి స్టేషన్ నుంచి ఇంకా రాలేదా అని తేల్చాలి. ప్రయాణాలను మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనుక ఉండే అంతర్జాతీయ సమయంలో నమోదు చేస్తారు గనుక, మన గడియారంలో ఉదయం ఐదున్నర లోపు బయలుదేరిన విమానం రికార్డులో నిన్నటి తేదీలో ఉంటుంది. నెలాఖరున ఈ చిన్న విషయం తెలియక ఒకే ప్రయాణాన్ని రెండుసార్లు కలిపినవారు, అసలే కలపనివారు కూడా ఉన్నారు. పైలట్ల లాగ్‌బుక్‌లో ఉండేది చాక్స్, అంటే చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు, తీసిన దగ్గరి నుంచి చాక్స్ పెట్టేదాకా ఉన్న సమయం; మెయింటెనెన్స్ లెక్కకు సాధారణంగా తీసుకునేది చక్రాలు నేలను వదిలిన క్షణం నుంచి మళ్లీ తాకే క్షణం వరకు. రెంటినీ కలగాపులగం చేస్తే రోజుకు కొన్ని నిమిషాలే తేడా వస్తుంది గాని, సంవత్సరాల మీద అది పెద్ద అంకెగా పేరుకుంటుంది. శిక్షణ విమానాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం. విద్యార్థి పైలట్ ఒక గంటలో పలుమార్లు నేలను తాకి లేస్తాడు. గంటల ఖాతాలో అది ఒక్క గంటే అయినా, ల్యాండింగ్ గేర్‌కు మాత్రం అన్ని దెబ్బలూ లెక్కే.

లోపాల నమోదు గురించి క్లుప్తంగా చెప్తాను. విమానంలో ఏదైనా పరికరం పనిచేయకపోయినా, కనీస పరికరాల జాబితా, అంటే ఎంఈఎల్, అనుమతిస్తే కొద్ది రోజులు వాయిదా వేసి ఎగరవచ్చు. ఆ జాబితా ఒక్కో పరికరాన్ని ఒక్కో వర్గంలో పెడుతుంది: బీ వర్గానికి 3 రోజులు, సీ వర్గానికి 10 రోజులు, డీ వర్గానికి 120 రోజులు గడువు. సమీక్షకుడు చూడవలసింది గడువు దాటిందా అన్నదొక్కటే కాదు. పదో రోజున సరిచేశామని మూసివేసి, పదకొండో రోజున అదే లోపాన్ని మరో మాటల్లో మళ్లీ తెరిచారేమో చూడాలి. అలాంటిది కనిపిస్తే అక్కడ రిపేరు జరగలేదని, గడువు ఒక్కటే కొత్తదయిందని అర్థం.

ఇక ఏడీలు. తయారీ తరువాత ఏదైనా ప్రమాదకరమైన లోపం బయటపడితే, దాన్ని ఫలానా గడువులోగా చూడండి, మార్చండి అని నియంత్రణ సంస్థ జారీ చేసే తప్పనిసరి ఆదేశం ఏడీ. ఒక విమానానికి విమానం బాడీ మీద, ఇంజన్ల మీద, లోపలి పరికరాల మీద వేర్వేరుగా ఏడీలు ఉంటాయి. ఏడీ పట్టికలో 'పూర్తయింది' అన్న గడిని అందరూ చూస్తారు. నేను మొదట చూసేది 'వర్తించదు' అన్న గడిని. ఎందుకు వర్తించదు? విమానం సీరియల్ నంబరు ఆ శ్రేణిలో లేదనా, ఆ మార్పు ఫ్యాక్టరీలోనే జరిగిందనా, లేక ఆ పార్ట్ నంబరు ఈ విమానంలో బిగించలేదనా? మొదటి రెండూ కాగితం మీదే తేలతాయి. మూడోది మాత్రం ఈ రోజు నిజమై రేపు అబద్ధం కావచ్చు, ఎందుకంటే రేపు స్టోర్స్ నుంచి అదే పార్ట్ నంబరు తెచ్చి బిగించవచ్చు, ఇంజనే మారవచ్చు. కాబట్టి కారణం రాయని 'వర్తించదు' అన్న ప్రతి గడినీ ఒక కాగితం మీద రాసుకుని, విమానం దగ్గరకు వెళ్లేటప్పుడు వెంట తీసుకువెళ్లాలి.

ఏడీని పాటించడంతోనే పని అయిపోయిందనుకోవడం కూడా ఎంత ప్రమాదమో 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో తెలిసింది. అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 దాదాపు 24,000 అడుగుల ఎత్తులో ఉండగా ముందు భాగపు పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఊడిపోయింది. ఒక విమాన సహాయకురాలు ఆకాశంలోకి కొట్టుకుపోయారు. మిగిలినవారితో పైలట్లు మావీ దీవిలో దించగలిగారు. ఆ విమానం అప్పటికి ఎగిరింది 35,496 గంటలే, సైకిళ్లు మాత్రం 89,680. దీవి నుంచి దీవికి సగటున 24 నిమిషాల ప్రయాణాలన్నమాట. ఎగిరిన ప్రతిసారీ లోపల గాలి ఒత్తిడి పెరిగి తగ్గుతుంది గనుక బాడీ మీది స్కిన్‌కు, అంటే పై రేకుకు, గంటల కంటే సైకిళ్లే ముఖ్యం. స్కిన్ ముక్కలు ఒకదాని మీద ఒకటి కలిసే అతుకుల దగ్గర జిగురు వదిలి, సముద్రపు గాలికి తుప్పు పట్టి, రివెట్ రంధ్రాల దగ్గర చిన్న చిన్న పగుళ్లు వరుసగా కలిసిపోయాయి. తయారీదారు ఇచ్చిన సర్వీస్ బులెటిన్ చాలా అతుకులను పరీక్షించమని సూచించినా, అంతకు ముందు ఏడాది వచ్చిన ఏడీ వాటిలో కొన్నిటినే తప్పనిసరి చేసింది. ప్రమాద దర్యాప్తులో ఈ తేడాను ప్రత్యేకంగా ఎత్తిచూపారు. ఇంకొక విషయం వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది: ఎక్కేటప్పుడు తలుపు దగ్గర బాడీ మీద ఒక పగులును ఒక ప్రయాణికురాలు చూశారు, కాని ఎవరికీ చెప్పలేదు. కళ్లతో చూడటాన్ని చిన్నచూపు చూసే ఇంజనీర్లకు నేను ఈ ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను.

జీవితకాల పరిమితి ఉన్న భాగాల గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఇంజన్‌లోని టర్బైన్ డిస్కుల వంటి వాటికి తయారీదారు ఇన్ని సైకిళ్లని పరిమితి పెడతాడు. ఆ పరిమితి చేరితే, చూడటానికి ఎంత నిగనిగలాడుతున్నా తీసి పారేయాలి. అందుకే వాటికి పుట్టుక నుంచి నేటి వరకు చరిత్ర కావాలి: ఏ ఇంజన్‌లో, ఏ ఆపరేటరు దగ్గర, ఏ థ్రస్ట్ రేటింగ్‌లో, అంటే ఎంత తోపుడు బలంతో, ఎన్ని సైకిళ్లు తిరిగిందో వరుస తెగకుండా రాసి ఉండాలి. థ్రస్ట్ మారితే ఆయువు కరిగే వేగమూ మారుతుంది గనుక లెక్క దామాషాలో వేయాలి. మధ్యలో ఆరు నెలల చరిత్ర దొరకకపోతే, ఆ డిస్కు ఖరీదు ఎంతైనా దాన్ని చెత్తగానే లెక్కించవలసి వస్తుంది. ఇక్కడ యాజమాన్యాలు బతిమాలుకుంటాయి, కోప్పడతాయి, పాత ఈమెయిళ్లు వెతికి తెచ్చి ఇది చాలదా అంటాయి. చాలదు.

రిపేర్ల దగ్గరే రికార్డు మనల్ని అన్నిటికంటే బాగా మోసం చేయగలదు. 1980లో హాంకాంగ్‌లో ఒక బోయింగ్ 747 దిగేటప్పుడు తోక భాగం రన్‌వేకు రాసుకుంది. గీతలు పడిన స్కిన్ మీద బలం కోసం అదనపు రేకును, అంటే డబ్లర్‌ను, వేసి రివెట్లు కొట్టారు. మాన్యువల్ ప్రకారం దెబ్బతిన్న స్కిన్‌ను కోసి తీయాలి, లేదా గీతలను పూర్తిగా అరగదీసి, వాటన్నిటినీ దాటి వెళ్లేంత పెద్ద డబ్లర్ వేయాలి. ఆ రెండూ జరగలేదు. లాగ్‌బుక్‌లో మాత్రం మాన్యువల్ ప్రకారం రిపేరు జరిగినట్టే ఉంది. 22 ఏళ్ల తరువాత, 2002 మే 25న, తైవాన్ దగ్గర ఆ విమానం గాలిలోనే ముక్కలై 225 మంది చనిపోయారు. అది చైనా ఎయిర్‌లైన్స్ 611వ ఫ్లయిట్. కొద్ది నెలల ముందు ఆ రిపేరుకు తీసిన ఫొటోలలో డబ్లర్ అంచుల చుట్టూ మరకలు కనిపించాయని దర్యాప్తులో తేలింది. అతుకు కింద నుంచి గాలి బయటకు చిమ్ముతోందని ఆ మరకలు చెప్పకనే చెప్పాయి. 1985లో 520 మందిని బలిగొన్న జపాన్ ఎయిర్‌లైన్స్ 123వ ఫ్లయిట్ కథ కూడా ఇటువంటిదే; 1978లో లోపలి గాలి ఒత్తిడిని ఆపే వెనుక గోడకు వేసిన అతుకులో రెండు వరుసల రివెట్లు భారం మోయవలసిన చోట ఒకే వరుస మోసింది, సంతకాలు మాత్రం అన్నీ సక్రమంగా ఉన్నాయి.

ఇప్పుడు విమానం దగ్గరకు వద్దాం. ఈ పరిశీలనలో చూడవలసినవి నిబంధనలో నాలుగైదు వాక్యాల్లో ఉన్నాయి. మార్కింగులు, ప్లకార్డులు సరిగా ఉండాలి. విమానం తన ఫ్లయిట్ మాన్యువల్‌కు, ఆమోదించిన ఆకృతికి అనుగుణంగా ఉండాలి. నమోదు కాని లోపమేదీ కళ్లకు కనిపించకూడదు. రికార్డులకూ విమానానికీ తేడా ఉండకూడదు. ఆ చివరి వాక్యంలోనే పనంతా ఉంది.

దెబ్బల పటం సంగతి తీసుకోండి. విమానం బాడీ మీద ఉన్న ప్రతి సొట్టనూ, ప్రతి అతుకునూ ఒక బొమ్మ మీద గుర్తించి, లోతు, పొడవు, దగ్గరి ఫ్రేమ్ (లోపలి చట్రం) నుంచి దూరం రాసి ఉంచుతారు. దాన్ని చేతిలో పట్టుకుని విమానం చుట్టూ తిరగాలి, ముఖ్యంగా కార్గో తలుపుల దగ్గర, మెట్ల వాహనం వచ్చి ఆనే చోట ఆగి చూడాలి. పటంలో లేని సొట్ట కనిపిస్తే అందరూ ఉలిక్కిపడతారు. పటంలో ఉన్న సొట్ట విమానం మీద కనిపించకపోతే మాత్రం, పోనీలెండి, మంచిదేగా అంటారు. అది మంచిది కాదు. ఎవరో దాన్ని పూడ్చి రంగు వేశారేమో, ఆ రిపేరు ఎక్కడా రాయలేదేమో, లేక ఆ పటమే మరో విమానానిదేమో తేల్చుకోవాలి.

ఒక సమీక్షలో నేను చూసిన సంగతి చెప్తాను. సంస్థ పేరు అనవసరం. కార్గో భాగంలో మంటలార్పే సీసా ఇరుకైన చోట ఉంటుంది. టార్చి, చిన్న అద్దం పట్టుకుని, అద్దంలో తిరగబడి కనిపించే అంకెలను సరిగా చదువుకుంటూ ప్లేటు మీది సీరియల్ నంబరు రాసుకోవాలి. రికార్డులోని నంబరుకు, ప్లేటు మీది నంబరుకు తేడా వచ్చింది. పక్కనున్న టెక్నీషియన్ 'టైపింగులో పొరపాటు అయి ఉంటుంది సార్' అన్నాడు. అద్దంలో చదివిన అంకె కాబట్టి నేనూ మరోసారి చదివాను. అదే నంబరు. కూపీ లాగితే తేలిందేమిటంటే, ఒక రాత్రి ఈ విమానం ఉదయపు సర్వీసుకు వెళ్లాలి, స్టోర్స్‌లో సీసా లేదు, విడిభాగాలు లేక నిలిచిపోయిన పక్క విమానంలోని సీసాను తీసి ఇందులో బిగించారు. హ్యాంగర్ భాషలో దీన్ని రాబరీ అంటారు. పద్ధతి ప్రకారం చేస్తే తప్పు కాదు. చేసిన పనిని నమోదు చేసే టాస్క్ కార్డు మీద సంతకం కూడా ఉంది. కాని కంప్యూటరులో రెండు విమానాల ఖాతాలూ మార్చలేదు. అంటే సీసాకు ఒత్తిడి పరీక్ష ఎప్పుడు చేయించాలో, దాని పేలుడు కార్ట్రిడ్జ్ గడువు ఎప్పుడు తీరుతుందో మేము జాగ్రత్తగా లెక్కపెడుతున్నది విమానంలో లేని సీసాకు. బిగించిన సీసా గడువులోనే ఉంది గనుక ఆ రోజుకు ప్రమాదం లేదు. అయినా నేను సంతకం ఆపి, అంతకు ముందు ఏడాదిలో ఆ విమానంలోకి వచ్చిన, దానిలో నుంచి వెళ్లిన రాబరీలన్నిటినీ తెప్పించి చూశాను. ఒక నంబరు తేడా వస్తే ఆ నంబరును దిద్దుకోవడం క్లర్కు పని. ఆ తేడా ఎలా పుట్టిందో, అదే దారిన ఇంకేమి వచ్చాయో కనుక్కోవడం సమీక్షకుడి పని.

మనది సముద్రతీరం గనుక తుప్పు గురించి ఒక మాట. భావనపాడు, కళింగపట్నం వైపు ఇంటి కిటికీల ఇనుప చువ్వలు ఎంత త్వరగా పొరలు రేగుతాయో మీకు తెలుసు. అల్యూమినియం మరో రకంగా చెడుతుంది. రంగు కింద చిన్న బుడగలు లేస్తాయి, రివెట్ల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తుంది, లోపల పొరలు ఉబ్బి రేకు గుల్లబారుతుంది. టాయిలెట్ కింద, వంట చేసే గ్యాలీ నేల కింద, నీళ్లు, టీ, జ్యూసు ఒలికి నిలిచే చోట, బాడీ అట్టడుగున నీరు కారిపోయే రంధ్రాలు మూసుకుపోయిన చోట ముందుగా చూడాలి. సముద్రపు గాలిలో రోజూ దిగే విమానానికి కడిగే కార్యక్రమం కూడా మెయింటెనెన్స్‌లో భాగమే. అది జరుగుతోందో లేదో రికార్డు చెప్పినా, విమానం పొట్ట కింద వేలితో రుద్ది చూస్తే మరింత బాగా తెలుస్తుంది.

తూకపు పత్రం, సీట్ల అమరిక, ప్రాణరక్షక జాకెట్ల గడువు, అత్యవసర సంకేతాలు పంపే పరికరం బ్యాటరీ తేదీ, తలుపుల మీద రక్షణ సూచనలు, ఇవన్నీ చూడవలసినవే. వీటిలో తేడాలు దొరకడమూ తేలికే, సరిచేయడమూ తేలికే కాబట్టి ఎక్కువ సేపు ఆగను.

ఈ సంతకం ఎవరు పెట్టాలి? యోగ్యతా నిర్వహణ బాధ్యత ఉన్న సంస్థ, అంటే కామో, తగిన అధికారం పొంది ఉంటే తన సమీక్షకుల ద్వారా చేయించవచ్చు. లేకపోతే డీజీసీఏ చేస్తుంది. పెద్ద విమానాలకు సమీక్షకుడికి ఈ రంగంలో కనీసం 5 ఏళ్ల అనుభవం, లైసెన్సు గాని దానికి సమానమైన చదువు గాని ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, తాను చేసిన పనిని తానే సమీక్షించకూడదు. విమానాన్ని ఏడాది పొడవునా ఒకే కామో నిర్వహించి, అనుమతి ఉన్న సంస్థలే మెయింటెనెన్స్ చేసి ఉంటే, పూర్తి సమీక్ష లేకుండా ఏఆర్‌సీని ఏడాది చొప్పున రెండుసార్లు పొడిగించవచ్చు. ఈ సౌకర్యం సమంజసమైనదే గాని, పొడిగింపు అంటే కళ్లు మూసుకుని ముద్ర వేయడం కాదని కొన్ని చోట్ల గుర్తు చేయవలసి వస్తోంది; విమానం యోగ్యంగా లేదని తెలిసినా, అనుమానించడానికి కారణమున్నా పొడిగించకూడదు.

గడువుకు 90 రోజుల ముందు నుంచి సమీక్ష చేసుకోవచ్చు, పాత తేదీ పోదు. అయినా చాలామంది చివరి వారం దాకా ఆగుతారు. అప్పుడు లాగ్‌బుక్‌ల గదిలో ఒక మనిషి, హ్యాంగర్‌లో ఒక మనిషి, ఫోన్‌లో కమర్షియల్ విభాగం మనిషి, ముగ్గురూ సమీక్షకుడి చుట్టూ తిరుగుతుంటారు. మీలో ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటే నా సలహా ఒక్కటే: రికార్డులు ముందుగా చూసి, ప్రశ్నలు రాసుకుని, ఆ కాగితంతోనే విమానం దగ్గరకు వెళ్లండి, విమానం దగ్గర రాసుకున్న నంబర్లతో మళ్లీ రికార్డుల గదికి రండి. ఈ రెండో ప్రయాణాన్ని ఎక్కువమంది మానేస్తారు. అన్నీ చూశాక కూడా విమానం యోగ్యమైనదని తేల్చలేకపోతే, ఆ సంగతిని వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల్లోపు, నియంత్రణ సంస్థకు తెలియజేయాలి. పై అధికారి ఒప్పుకున్నాడా లేదా అన్నదానితో ఆ గడువుకు సంబంధం లేదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. లైసెన్సు పరీక్షల గురించి అడగాలనుకునేవారు కాస్త ఆగండి. ముందు సమీక్ష మీద ఉన్నవి తీసుకుందాం.